శుక్లం ఆపరేషన్‌కు ఏ మత్తు ఇస్తారు? చుక్కలా, ఇంజెక్షనా, నిద్రా?

అమ్మకో నాన్నకో శుక్లం ఆపరేషన్ ఖాయమైందనగానే ఇంట్లో మొదట లెన్స్ ధర గురించి మాట్లాడుకుంటారు. ఆపరేషన్ చేయించుకునే మనిషి మనసులో మాత్రం వేరే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. ‘కన్ను కోస్తుంటే నేను మెలకువగానే ఉంటానా?’ అని. చాలామంది పెద్దవాళ్లు దీన్ని డాక్టర్‌ని అడగరు, పిల్లలతోనూ చెప్పరు. ‘ఎండలు తగ్గాక చూద్దాంలే’, ‘పెళ్లి అయిపోయాక చేయిద్దాంలే’ అని వాయిదా వేస్తారు. అలా ఏళ్లు గడిస్తే శుక్లం ముదిరి గట్టిపడుతుంది. ఆపరేషన్‌కు పట్టే సమయం పెరుగుతుంది. మొదట్లో చుక్కల మందుతో అయిపోయేది, చివరికి ఇంజెక్షన్ దాకా వెళ్లొచ్చు.

ప్రశ్నకు సూటి జవాబు: అవును, చాలామంది మెలకువగానే ఉంటారు. కానీ కన్ను మాత్రం మొద్దుబారి ఉంటుంది. కొందరికి దానికి తోడు మనసు కుదుటపడేలా కాస్త మత్తు ఇస్తారు. పూర్తిగా నిద్రపుచ్చి చేసేది కొద్దిమందికే. మీ ఇంట్లోవాళ్లు ఈ మూడింట్లో ఏ కోవలోకి వస్తారన్నది కంటిని బట్టి కొంత, మనిషిని బట్టి ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌కు మీరు చెప్పే విషయాలకు ఇక్కడ చాలా విలువ ఉంది.

‘మత్తు’ అనే ఒక్క మాటలో రెండు పనులు

మన వాడుకలో అన్నింటికీ ‘మత్తు’ అనే అంటాం. పన్ను పీకేటప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ మత్తే, కడుపు ఆపరేషన్‌కు నిద్రపుచ్చినా మత్తే. వైద్యులు వీటిని వేరువేరుగా చూస్తారు. నొప్పి తెలియకుండా ఒక భాగాన్ని మొద్దుబార్చడం లోకల్ అనస్థీషియా. కంగారు తగ్గించి, మనిషిని తేలిగ్గా మగతలో ఉంచడం సెడేషన్. సెడేషన్ మందు దానంతట అది కంటి నొప్పిని ఆపదు. కన్ను మొద్దుబారకుండా మగత ఒక్కటే ఇస్తే రోగి ఉలిక్కిపడి తల కదిలిస్తారు, అది ప్రమాదం. కాబట్టి సెడేషన్ ఎప్పుడూ చుక్కలకో ఇంజెక్షన్‌కో తోడు మాత్రమే. వాటికి బదులు కాదు.

‘మావాడికి మత్తు ఇవ్వలేదట, అన్యాయం’ అని బంధువులు అనుకోవడం వెనుక చాలాసార్లు ఈ తేడా తెలియకపోవడమే ఉంటుంది. చుక్కలు వేశారంటే కంటికి మత్తు ఇచ్చినట్టే.

చుక్కల మందుతో: ఏం తెలుస్తుంది, ఏం కనిపిస్తుంది?

కంట్లో చుక్కలు వేసి తిమ్మిరి తెప్పించవచ్చని 1884లో వియన్నాలోని యువ డాక్టర్ కార్ల్ కోలర్ చూపించారు. ఆయన వాడింది కొకైన్. లోకల్ అనస్థీషియా చరిత్ర మొదలైందే అలా కంటితో. ఇప్పుడు కొకైన్ వాడరు. ప్రొపరాకెయిన్ వంటి చుక్కలు, కొన్నిచోట్ల లిడోకెయిన్ జెల్ వాడతారు. చుక్క పడగానే కొన్ని సెకన్లు చురుక్కుమంటుంది, తర్వాత కన్ను మొద్దుబారుతుంది. వీటి ప్రభావం ఇరవై నిమిషాలకు అటూఇటూ ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందు రెండు మూడుసార్లు వేస్తారు. ఆపరేషన్ మొదలయ్యాక, కంటి లోపలికే కొద్దిగా లిడోకెయిన్ వదలడమూ ఉంది. చుక్కలు ఒక్కటే వాడినప్పటి కంటే ఇది జత చేసినప్పుడు నొప్పి ఇంకా తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది.

ఈ పద్ధతి ఎక్కువగా ఫేకో ఆపరేషన్‌కు సరిపోతుంది. అందులో కోత మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. శుక్లం మరీ గట్టిది కాకపోతే పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ‘ఇంజెక్షన్ లేదు, కుట్టు లేదు, కట్టు లేదు’ అని ప్రకటనల్లో చూస్తుంటారు కదా, అది దీని గురించే. ఆ మాట అబద్ధం కాదు. అయితే అది అందరికీ కుదురుతుందని మాత్రం అర్థం కాదు.

‘లేజర్‌తో చేయిస్తే మత్తే అక్కర్లేదట’ అనేది మరో ప్రచారం. లేజర్ వాడినా కంటికి చుక్కలు తప్పవు. లెన్స్‌ను తీసి కొత్తది అమర్చే పని ఎలాగూ ఉంటుంది.

చుక్కల మందు నొప్పిని ఆపుతుంది. స్పర్శను పూర్తిగా తీసేయదు. నీళ్లు పోస్తున్నట్టు చల్లగా తగలడం, కంటిని ఎవరో నొక్కుతున్నట్టు అనిపించడం మామూలే. చూపు కూడా పూర్తిగా పోదు. మైక్రోస్కోప్ లైట్ మొదట భరించలేనంతగా అనిపిస్తుంది, కాసేపటికి అలవాటవుతుంది. ఎరుపు, నీలం, పసుపు రంగులు నీళ్లలో కదిలినట్టు కనిపించాయని చాలామంది చెబుతారు. కొందరికి అవి అందంగానే ఉంటాయి. ఏం జరుగుతోందో తెలియని కొద్దిమంది మాత్రం హడలిపోతారు. ఇలా కనిపించవచ్చని ముందే చెబితే ఆ భయం తగ్గుతుందని ఈ విషయంపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో ఎవరూ చెప్పకపోతే, ఆ పని మీరే ఇంట్లో చేయండి. దీనికి ఖర్చేమీ లేదు.

పెద్దవాళ్లు అడిగే ఇంకో రెండు ప్రశ్నలకూ ఇక్కడే జవాబు చెప్పుకుందాం. ‘మధ్యలో రెప్ప వేస్తే?’ వేయలేరు, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. ‘దగ్గు వస్తే?’ ఆపుకోవాలని ప్రయత్నించకుండా, తల కదపకుండా, ‘డాక్టర్‌గారూ, దగ్గు వస్తోంది’ అని నోటితో చెప్పాలి. ఆయన పనిముట్లు బయటికి తీస్తారు, దగ్గేసి మళ్లీ కొనసాగించవచ్చు. చేయి మాత్రం ముఖం దగ్గరికి తేకూడదు. ముక్కు దురద పెట్టినా సరే, చెప్పడమే.

ఇంజెక్షన్ ఎవరికి? సూది కంట్లో గుచ్చుతారా?

గుచ్చరు. ఈ ఒక్క మాట తెలియక ఆపరేషన్ మానుకున్నవాళ్లు ఉంటారు. ‘బ్లాక్’ అని పిలిచే ఈ ఇంజెక్షన్‌లో సూది కనుగుడ్డులోకి వెళ్లదు. కింది రెప్ప దగ్గర, ఎముక గూటికీ కనుగుడ్డుకూ మధ్య ఉన్న ఖాళీలోకి వెళుతుంది. ఇలా కనుగుడ్డు చుట్టూ మందు వదిలితే పెరిబల్బార్ బ్లాక్. ఇంకా లోపలికి, కంటిని కదిలించే కండరాల నడుమకు వదిలితే రెట్రోబల్బార్ బ్లాక్. మందు లోపల చక్కగా పాకడానికి లిడోకెయిన్, బుపివకెయిన్‌తో పాటు హైలురోనిడేజ్ కలుపుతారు. గుచ్చినప్పుడు నొప్పి, తర్వాత కంటి చుట్టూ బిగుతు కొన్ని క్షణాలు ఉంటాయి. మందు సర్దుకోవడానికి కంటిపై కాసేపు చేత్తో నొక్కడమో, చిన్న బంతిలాంటిది కట్టడమో చేస్తారు. పది నిమిషాల్లో కన్ను కదలడం ఆగిపోతుంది, రెప్ప వాలిపోతుంది, చూపు మసకబారుతుంది. గంటల పాటు అలాగే ఉంటుంది.

మూడో దారి సబ్-టెనాన్స్. ముందు చుక్కలు వేసి, తెల్లగుడ్డు మీది పలుచని పొరలో చిన్న గాటు పెట్టి, మొన లేని సన్నని గొట్టంతో మందు పంపుతారు. కంటి వెనక్కి పదునైన సూది వెళ్లదు కాబట్టి గుడ్డుకు గుచ్చుకునే భయం చాలా తక్కువ. దీని తర్వాత కన్ను కొన్ని రోజులు ఎర్రగా రక్తం చిమ్మినట్టు కనిపించవచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ సాధారణంగా దానంతట అదే తగ్గిపోతుంది.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొదట చుక్కలు లేదా సబ్-టెనాన్స్ ఎంచుకోవాలి. ఆ రెండూ కుదరకపోతే పెరిబల్బార్. రెట్రోబల్బార్ అసలు వద్దని స్పష్టంగా చెప్పింది. మన దగ్గర పెరిబల్బార్ ఇంకా విస్తృతంగా వాడుకలో ఉంది. దానికి కారణం వెనుకబాటుతనమే అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల ఉచిత శిబిరాల ద్వారా వచ్చేవారిలో ముదిరిన శుక్లాలు ఎక్కువ. వాటికి ఎస్‌ఐసీఎస్ అనే చిన్నకోత పద్ధతి బాగా పనికొస్తుంది. ఇందులో కోత ఆరు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది, తెల్లగుడ్డు మీద పని ఉంటుంది. అందుకు కన్ను కదలకుండా, లోతుగా మొద్దుబారి ఉండాలి. కాబట్టి ఇంజెక్షన్.

ఉచితంగా చేశారు కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చారు, డబ్బు కడితే చుక్కలతో చేసేవారు అని మాట్లాడుకోవడం వినిపిస్తుంది. సగమే నిజం. ఏ మత్తు అన్నది ఏ ఆపరేషన్ అన్నదానికి కట్టుబడి ఉంటుంది. ముదిరిన శుక్లాలపై నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్ బృందం ఫేకోనూ చిన్నకోత పద్ధతినీ పోల్చి చూసి, 2007లో ప్రచురించిన ఫలితాల్లో రెండింటితోనూ మంచి చూపే వచ్చింది. ఇంజెక్షన్ తీసుకున్నవారిది రెండో తరగతి వైద్యం అనుకుని బాధపడాల్సిన పని లేదు.

అయితే ఇంజెక్షన్‌కు దానివైన ప్రమాదాలున్నాయి. గుడ్డు వెనుక రక్తం చేరడం, చాలా అరుదుగా సూది గుడ్డుకు తగలడం, ఇంకా అరుదుగా మందు మెదడు వైపు పాకి ఊపిరి మందగించడం. అందుకే చేయి తిరిగినవాళ్లు ఇవ్వాలి, ఆక్సిజన్, అత్యవసర మందులు దగ్గర ఉండాలి. గుడ్డు పొడవుగా ఉన్నవారికి, అంటే చిన్నప్పటి నుంచి ఎక్కువ మైనస్ పవర్ అద్దాలు వాడినవారికి, సూది తగిలే ప్రమాదం మిగతావారికంటే ఎక్కువ. లెన్స్ పవర్ లెక్క కోసం కంటి పొడవు ఎలాగూ కొలుస్తారు. ఆ కొలత 26 మిల్లీమీటర్లు దాటితే ‘సూది లేకుండా చేయగలరా?’ అని అడగడం సబబైన ప్రశ్న.

సెడేషన్: కొంచెం మగత ఎప్పుడు మేలు, ఎప్పుడు చేటు?

కంగారు మరీ ఎక్కువగా ఉన్నవారికి, మెడ, నడుము నొప్పులతో కదలకుండా పడుకోవడం కష్టమైనవారికి, ఆపరేషన్ మామూలు కంటే ఎక్కువసేపు పడుతుందనుకున్నప్పుడు సెడేషన్ ఆలోచించాలని నైస్ చెబుతోంది. అదీ అనుభవం ఉన్న మత్తు డాక్టర్ చేతుల మీదుగా. చేతి నరంలోకి సూది పెట్టి మిడజోలామ్ వంటి మందు చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. కొన్నిచోట్ల దానికి ఫెంటానిల్ కలుపుతారు. డెక్స్‌మెడెటోమిడిన్, ప్రొపోఫాల్ వాడేవాళ్లూ ఉన్నారు. సరైన మోతాదులో రోగి పిలిస్తే పలుకుతారు, చెప్పినట్టు చేస్తారు, ఊపిరి తామే పీలుస్తారు. భయం మాత్రం దూరంగా జరిగినట్టు ఉంటుంది. మిడజోలామ్‌కు ఇంకో గుణం ఉంది: అప్పుడు జరిగింది తర్వాత సరిగా గుర్తుండదు. ‘అప్పుడే అయిపోయిందా?’ అని అడిగేది వీళ్లే.

అంత హాయి అయితే అందరికీ ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ మందులు ఒంటికి ఎక్కువగా పడతాయి. యువకుడికి కాస్త నెమ్మదినిచ్చే మోతాదే, ఎనభై ఏళ్ల మనిషిని గాఢ నిద్రలోకి నెట్టవచ్చు. ఊపిరి మందగించవచ్చు, ఆక్సిజన్ పడిపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. మగతలో గురకపెట్టి పడుకున్న మనిషి ఒక్కసారిగా మేల్కొంటే, తాను ఎక్కడున్నదీ తెలియక తల లేపేస్తారు. కన్ను తెరిచి ఉన్న సమయంలో అది చాలా ప్రమాదం. పూర్తి మెలకువలో ఉన్న రోగి మాట వింటారు. పూర్తి నిద్రలో ఉన్న రోగి కదలరు. సర్జన్లను ఇబ్బంది పెట్టేది ఈ మధ్య స్థితే. మతిమరుపు వ్యాధి ఉన్నవారిలో మత్తు మందు కంగారును తగ్గించకపోగా పెంచే సందర్భాలూ ఉన్నాయి. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఇంకా జాగ్రత్త కావాలి.

ఈ కారణాలతో ‘మీకు సెడేషన్ అవసరం లేదు’ అని డాక్టర్ అంటే, దాన్ని పిసినారితనంగా చూడకండి. అడగాల్సింది వేరే ఉంది: ‘ఇస్తే ఎవరు ఇస్తారు? ఆపరేషన్ అయ్యేదాకా వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, బీపీ చూసే మనిషి ఉంటారా?’ కన్ను చూస్తున్న సర్జన్ ఊపిరిని కూడా గమనించడం సాధ్యం కాదు. ఆ పనికి మరొకరు ఉండాల్సిందే.

కొన్ని ఆసుపత్రులు ముందు రాత్రి వేసుకోమని అల్ప్రజోలామ్ వంటి మాత్ర రాస్తాయి. రాస్తే వేసుకోవచ్చు. కానీ ‘భయంగా ఉంది’ అని ఇంట్లో ఉన్న నిద్రమాత్ర మీరే ఇచ్చి తీసుకెళ్లొద్దు. అక్కడ ఇచ్చే మందు దానికి తోడైతే లెక్క తప్పుతుంది. ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి.

మందు లేని సెడేషన్ ఒకటుంది. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ నర్సు చేయి పట్టుకుని ఉండటం. దీనివల్ల రోగి కంగారు తగ్గుతుందని అధ్యయనాలు కూడా ఉన్నాయి. కొన్ని ఆసుపత్రుల్లో అడిగితే ఏర్పాటు చేస్తారు. సర్జన్ మధ్య మధ్యలో తెలుగులో రెండు మాటలు చెబుతుంటే చాలు, సగం మంది పెద్దవాళ్లు స్థిమితపడతారని నా నమ్మకం.

పూర్తి మత్తు ఎవరికి?

పుట్టుకతో శుక్లం వచ్చిన పిల్లలకు జనరల్ అనస్థీషియా తప్పదు. పెద్దల్లో, చెప్పిన మాట అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవారికి, ఆగని వణుకు ఉన్నవారికి, ముఖంపై బట్ట కప్పితే భరించలేని తీవ్రమైన భయం ఉన్నవారికి, లోకల్ మందులు పడనివారికి ఇది అవసరమవుతుంది. మత్తు డాక్టర్ ముందుగా గుండె, ఊపిరితిత్తులు చూసి ఒప్పుకోవాలి. వయసు పైబడినవారిలో పూర్తి మత్తు తర్వాత ఒకటి రెండు రోజులు అయోమయం రావచ్చు. భయంగా ఉంది కాబట్టి నిద్రపుచ్చేయండి అని అడగడం సులభమే కానీ, చుక్కలతో గట్టెక్కగలిగిన మనిషికి అది అనవసరమైన బరువు.

డాక్టర్‌కు ముందే చెప్పాల్సినవి

మత్తు ఎంపికలో అసలు పరీక్ష ఒక్కటే: ఈ మనిషి వెల్లకిలా, తల కదపకుండా, ముఖం మీద బట్టతో ఇరవై నిమిషాలు పడుకోగలరా? ఇంట్లోనే చూసుకోవచ్చు. పలుచటి దిండు మీద పడుకోబెట్టి, గడియారం పెట్టండి. ఆయాసం వచ్చిందా, నడుము పట్టేసిందా, దగ్గు ఆగలేదా, కాలు ఆడిస్తూనే ఉన్నారా? కనిపించింది కనిపించినట్టు ఓపీలో చెప్పండి. గుండె జబ్బు వల్ల తల ఎత్తులో పెట్టుకుని పడుకునేవారికి, గూని ఉన్నవారికి బల్ల కోణం మార్చి, మోకాళ్ల కింద దిండు పెట్టి చేస్తారు. ముందే తెలిస్తేనే.

చెవుడు ఉంటే తప్పకుండా చెప్పాలి. ‘కిందికి చూడండి’ అన్న మాట వినిపించని రోగికి చుక్కల పద్ధతి కష్టం. వినికిడి యంత్రం పెట్టుకుంటే ఆపరేషన్ జరిగే వైపు కాకుండా రెండో చెవికి ఉంచుతారేమో అడగండి. భాష కూడా అంతే. బెంగళూరులోనో పుణెలోనో పిల్లల దగ్గర ఉంటూ అక్కడే ఆపరేషన్ చేయించుకునే మన పెద్దవాళ్లకు, థియేటర్‌లో కన్నడంలోనో హిందీలోనో చెబితే బోధపడదు. నాలుగు మాటలు ముందే నేర్పించండి, లేదా తెలుగు వచ్చిన సిబ్బంది ఉన్నారా కనుక్కోండి.

రక్తం పలచబడే మాత్రల విషయంలో జనం రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు చెప్పరు. కొందరు తామే వారం ముందు ఆపేస్తారు. రెండోది ఇంకా ప్రమాదం. గుండెకు స్టెంట్ వేసుకున్న మనిషి ఆ మాత్ర ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. చుక్కలతో చేసేటప్పుడు వీటిని ఆపాల్సిన అవసరం సాధారణంగా రాదు. సూది ఇంజెక్షన్ అయితే రక్తం చేరే ప్రమాదాన్ని డాక్టర్ లెక్కవేస్తారు. వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్‌ఆర్ పరీక్ష చూస్తారు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్, కంటి డాక్టర్ కలిసి చెప్పాలి.

మూత్రం ఇబ్బందికి టామ్సులోసిన్ వాడే మగవారు కూడా ఆ మాట చెప్పాలి. మత్తుతో దీనికి నేరుగా సంబంధం లేదు. ఆపరేషన్ సమయంలో కనుపాప ఉన్నట్టుండి కుంచించుకుపోయేలా చేస్తుంది. మాత్ర ఆపేసినా ఆ ప్రభావం పోదు కాబట్టి ఆపడం కాదు, చెప్పడం ముఖ్యం. తెలిస్తే సర్జన్ సిద్ధంగా ఉంటారు. పళ్ల డాక్టర్ దగ్గర ఇంజెక్షన్‌కు ఎప్పుడైనా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చాయా అన్నదీ గుర్తు చేసుకోండి.

ఖాళీ కడుపుతో రావాలా?

ఇక్కడే షుగర్ ఉన్నవారు ఎక్కువగా ఇబ్బంది పడతారు. చుక్కలతో మాత్రమే చేస్తే చాలా ఆసుపత్రులు తేలికగా తిని రమ్మంటాయి. సెడేషన్ లేదా పూర్తి మత్తు ఉంటే సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి తిండి, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు కూడా ఆపమంటారు. మధ్యాహ్నం ఆపరేషన్‌కు రాత్రి నుంచి పస్తు పెట్టి, పొద్దున ఇన్సులిన్ మాత్రం యథావిధిగా వేసి తీసుకెళితే, బల్ల ఎక్కేలోపే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే ‘భయపడుతున్నారు’ అని పక్కవాళ్లు అనుకుంటారు. తేదీ ఇచ్చినప్పుడే మూడు విషయాలు రాయించుకోండి: ఎప్పటి వరకు తినొచ్చు, ఆ పూట షుగర్ మందు వేయాలా, బీపీ మాత్ర వేయాలా. బీపీ మాత్ర సాధారణంగా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. షుగర్‌గల వారికి ఉదయం మొదటి వరుసలో సమయం ఇవ్వమని అడగడంలో తప్పు లేదు.

పరీక్షల జాబితా చూసి బెంబేలెత్తేవారికి ఒక మాట. అమెరికా, కెనడాల్లో సుమారు 19 వేల శుక్లం ఆపరేషన్లపై జరిగిన అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అందరికీ మూకుమ్మడిగా రక్త పరీక్షలు, ఈసీజీ చేయించడం వల్ల ఆపరేషన్ మరింత సురక్షితం కాలేదని అది తేల్చింది. జబ్బు ఉన్నవారికి దానికి తగ్గ పరీక్ష కావాలి. ఏ జబ్బూ లేనివారికి గుండె స్కానింగ్ దాకా రాస్తే, ఎందుకని అడిగి తెలుసుకోవచ్చు.

ఉచితంగా ఎక్కడ? బిల్లులో ఏం చూడాలి?

1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఉచితం. హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటివి ఇందుకున్నాయి. ఎల్వీ ప్రసాద్ వంటి సంస్థల్లోనూ ఆర్థిక స్తోమత లేనివారికి ఉచిత సేవ ఉంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ వయో వందన కార్డు ఇస్తున్నారు. ఆ పథకంలో శుక్లం ప్యాకేజీ ఉంది. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో 14555కు ఫోన్ చేస్తే చెబుతారు. రాష్ట్ర పథకాల వివరాలకు 104 లేదా ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర. ప్యాకేజీలో మత్తు ఖర్చు కలిసి ఉందా, విడిగా ఏమైనా అడుగుతారా అన్నది చేరకముందే ఆయనతో తేల్చుకోండి.

సొంత బీమా ఉంటే పాలసీలో శుక్లానికి విడి పరిమితి ఉందేమో చూడాలి. ఆరోగ్య సంజీవని పాలసీలో కంటికి 40 వేల రూపాయలు లేదా బీమా మొత్తంలో 25 శాతం, ఏది తక్కువైతే అది. తీసుకున్న మొదటి రెండేళ్లు శుక్లానికి వర్తించదు. లెన్స్, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీ అన్నీ ఆ పరిమితిలోకే వస్తాయి. అంచనా బిల్లులో ‘ఎంఏసీ’ లేదా ‘స్టాండ్‌బై’ అని ఉంటే, మత్తు డాక్టర్ పక్కన ఉండి గమనిస్తారని అర్థం. మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఫీజు ఉంటుంది. గుండె జబ్బు ఉన్న మనిషికి అది వృథా ఖర్చు కాదు.

సంతకం పెట్టే అంగీకార పత్రంలో మత్తు రకం రాసి ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చదివి వినిపించమని అడగండి. అర్థమయ్యాకే సంతకం పెట్టడం రోగి హక్కు.

ఇంటికి వచ్చాక

చుక్కలతో చేయించుకున్నవారు గంట రెండు గంటల్లో ఇంటికి వెళతారు. ఇంజెక్షన్ తీసుకున్నవారికి సాధారణంగా మర్నాటి వరకు కట్టు ఉంటుంది. కట్టు లోపల ఏమీ కనిపించకపోవడం, విప్పాక కాసేపు ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప బరువుగా ఉండటం మత్తు దిగుతున్న క్రమమే. రెండో కంటి చూపు కూడా మందంగా ఉన్నవారైతే ఆ రాత్రి బాత్రూమ్‌కు ఒంటరిగా పంపకండి. శుక్లం ఆపరేషన్ రోజు పడి తుంటి విరగ్గొట్టుకోవడం కంటే దురదృష్టం ఉండదు. సెడేషన్ తీసుకున్నవారు 24 గంటలు బండి నడపకూడదు, ఆస్తి కాగితాల మీదా బ్యాంకు కాగితాల మీదా సంతకాలు పెట్టకూడదు.

మత్తు దిగాక ఇసుక పడ్డట్టు గరగర, కొద్దిగా నీరు కారడం సహజం. మాత్ర వేసుకున్నా తగ్గని పోటు, వాంతులు, గంటగంటకు చూపు తగ్గడం, ఎరుపు పెరగడం సహజం కాదు. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

రెండో కంటికి వెళ్లేముందు ఇంకొకటి. ‘మొదటి కంటికి ఏమీ తెలియలేదు, రెండోదానికే నొప్పి వేసింది’ అని చెప్పేవాళ్లు చాలామంది. పరిశోధకులు కూడా ఈ తేడాను గమనించారు. మొదటిసారి ఇచ్చిన మగత మందు వల్ల జ్ఞాపకం చెరిగిపోవడం, రెండోసారి ధైర్యంతో ప్రతిదీ గమనించడం ఇందుకు కారణాలు కావచ్చని వారి అంచనా. మొదటి ఆపరేషన్ సాయంత్రమే ఏ మత్తు ఇచ్చారో, ఎక్కడ నొప్పి అనిపించిందో, ఏం చూసి భయపడ్డారో డిశ్చార్జ్ కాగితం వెనుక నాలుగు ముక్కలు రాసి పెట్టండి. రెండోసారి ఓపీకి వెళ్లినప్పుడు ఆ కాగితమే డాక్టర్ ముందు పెట్టండి.